మియాపూరు నుండి చార్మినారునకు

విజ్ఞానయాత్రకు పోవు విద్యార్థులకు మా పాఠశాలలో ఒక నియమము కలదు. బయలుదేరుటకు ముందే ప్రతివారును ఒక ప్రశ్నను వ్రాసి యీయవలెను. దానికి సమాధానమును యాత్రలోనే వెదకికొనవలెను. ఈ పర్యాయము హైదరాబాదు నగరమునకు పోవ నిశ్చయింపగా, ఎనిమిదవ తరగతినుండి 32 మంది విద్యార్థులు 32 ప్రశ్నలు వ్రాసియిచ్చిరి. అందు సగమునకు పైగా చార్మినారును గూర్చినవే. "నాలుగు మినార్లే యెందులకు?" అని యొకడు, "గోలకొండలో చప్పట్లు చఱచిన కొండపైకి వినబడుట నిజమా?" అని మఱియొకడు వ్రాసిరి. నాగాయలంక దాపునుండి వచ్చు బాలిక యొకతె మాత్రము, "ఆ యూరిలో నది యున్నదా? ఉన్నచో దానివలన భయమున్నదా?" అని వ్రాసినది. ఆ కాగితమును చూచి తోడిపిల్లలు నవ్విరి. కాని తొలిదినమంతయు మమ్ము నడిపించినది ఆ ప్రశ్నయే.

ఆమె యట్లడుగుటకు కారణము లేకపోలేదు. మాది కృష్ణాజిల్లాలోని దివిసీమ. కృష్ణానది సముద్రమున గలియుటకు ముందు పాయలుగా చీలును. ఆ పాయల నడుమ సముద్రపుటొడ్డున నున్న నేలయే దివిసీమ. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన తుపానులో ఉప్పెన మా పల్లెలపై బడి వేలకొలది జనమును తీసికొనిపోయినది. ఆనాడు మిగిలినవారు నేటికిని మా యిండ్లలో నున్నారు. గాలి కొంచెము హెచ్చిన వారు నిద్రపోరు. నీరనగా మా పిల్లలకు అన్నము పెట్టునదియును అదియే, భయపెట్టునదియును అదియే.

సాయంకాలము అవనిగడ్డలో బస్సెక్కి, విజయవాడ మీదుగా సూర్యాపేట దాటి, తెల్లవారుజామున నగరమున ప్రవేశించితిమి. మేము వచ్చిన త్రోవ పుణెనుండి మచిలీపట్టణము వఱకు గల 65వ జాతీయ రహదారి. గోలకొండను కుతుబ్ షాహీ సుల్తానులు ఏలిన కాలమున మచిలీపట్టణము వారికి ముఖ్యమైన రేవు. కోస్తాలో అద్దిన బట్టలును, కృష్ణాతీరపు గనులలో దొరకిన వజ్రములును రేవునకును రాజధానికిని నడుమ ఈ దిక్కుగానే రాకపోకలు సాగించెను. ఎద్దుబండ్లకు వారములు పట్టిన ఆ దూరమును మేము ఒక రాత్రి నిద్రలో దాటితిమి. నిద్రలో దాటితిమి గనుకనే పిల్లలలో పెక్కుమందికి ఆ త్రోవ ఎట్టిదో తెలియలేదు. తిరుగు ప్రయాణమును పగటివేళ పెట్టుకొనుట మేలని అప్పుడే నిర్ణయించుకొంటిమి.

బస్సు నగరము నడుమనుండి సాగి పడమటి కొసనున్న మియాపూరులో మమ్ము దింపినది. అచటి యొక పాఠశాలలో మాకు బస ఏర్పాటయినది. మియాపూరు ఒకప్పుడు శేరిలింగంపల్లి చెంత చిన్న గ్రామము. నేడు ఇచట మేడలపై మేడలు లేచినవి. దీనికి దక్షిణమున కొలదిదూరమున హైటెక్ సిటీ యున్నది. అందలి మొదటి భవనమగు సైబర్ టవర్సును 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. అంతవఱకు రాళ్లగుట్టలుగా నున్న నేల పదియేండ్లలో కార్యాలయముల నగరమైనది. ప్రొద్దుటి యేడుగంటలకే మెడలో గుర్తింపుచీట్లు వ్రేలాడదీసికొనిన యువతీయువకులు గుంపులుగా బస్సులకొఱకు నిలిచియుండుట చూచి మా పిల్లలు, "వీరందఱును ఏ పరీక్షకు పోవుచున్నారు?" అని యడిగిరి.

అయినను ఈ కొత్త పేటను చరిత్ర లేని చోటని త్రోసివేయరాదు. ఇదే రహదారిపై ఇంకను పడమరగా పోయిన పటాన్‌చెరువు వచ్చును. మన ప్రాచీనకవులు దానిని పొట్లచెరువనిరి. 16వ శతాబ్దమున గోలకొండ ప్రభువుల కొలువులోని అమీన్‌ఖానుడు అచట నుండెను. పొన్నెగంటి తెలగనార్యుడు తన 'యయాతి చరిత్రము'ను ఆయనకే అంకితమిచ్చెను. తత్సమపదమును దరిజేరనీయక అచ్చతెనుగున రచింపబడిన మొదటి కావ్యమది. ఆనాటి సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షాను మన కవులు మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి 'తపతీసంవరణోపాఖ్యానము'ను ఆ ప్రభువునకు అంకితమొనర్చెను. పారసీకము మాటలాడు కొలువులో తెలుగు కావ్యము చదువబడినదని విని మా తెలుగు పండితులు పొంగిపోయి, ఉపాహారము చల్లారుచున్నను లెక్కింపక, ఆ సంగతిని రెండుమాఱులు చెప్పిరి. మియాపూరునకు సమీపమున అమీన్‌పూరు చెరువు కలదు. వలసపక్షులకు నెలవైన ఆ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి.

ఎనిమిదిగంటలకు మెట్రో స్టేషనునకు నడచితిమి. నగరమున మెట్రో రైలు మొదలైనది ఈ మియాపూరులోనే. 2017 నవంబరు 28వ తేదీన ప్రధానమంత్రి నరేంద్ర మోదీ దానిని ప్రారంభింపగా, మఱునాటినుండి ప్రజలు నాగోలు వఱకు ప్రయాణము చేయసాగిరి. మేమెక్కిన మార్గము మియాపూరునుండి ఎల్బీనగరు వఱకు 29 కిలోమీటర్లు. అందు 27 స్టేషన్లు కలవు. పట్టాలు నేలపై గాక స్తంభములపై నుండుటచే నగరమంతయు క్రింద పటమువలె కనబడును.

స్టేషన్ల పేర్లను వరుసగా వ్రాసికొనుడని పిల్లలకు చెప్పితిని. నగరము తన కథను కొంత పేర్లలోనే దాచుకొనియుండును. కూకట్‌పల్లి, మూసాపేట, ఎర్రగడ్డ - ఇవి పల్లెలు, పేటలు, గడ్డలు. ఖైరతాబాదు, నాంపల్లి దాటిన పిమ్మట ఉర్దూ పేర్లు హెచ్చగును. లక్డీకాపూల్ అనగా కఱ్ఱవంతెన. అన్నిటికంటె పిల్లలకు నచ్చినది ఇర్రంమంజిల్. ఎఱ్ఱని గుట్టపై 1870 ప్రాంతమున ఫక్రుల్ ముల్కు అను నవాబు మేడ కట్టించి, స్వర్గమను అర్థమునిచ్చు 'ఇరమ్' అను పదముతో దానికి పేరు పెట్టెనట. తెలుగువానికి అది ఎఱ్ఱ మంజిలు. పారసీకము తెలిసినవానికి స్వర్గభవనము. ఒకే పేరు, రెండు చెవులకు రెండర్థములు. ఇంత తెలివిగా పేరు పెట్టినవారు నగరమున మఱియెవ్వరును లేరని నా యభిప్రాయము.

మహాత్మాగాంధీ బస్ స్టేషను కడ దిగితిమి. ఇది మూసీనది నడుమనున్న తిన్నెపై కట్టబడినది. మెట్రో వేదికనుండి క్రిందికి చూచిన నది కనబడును. ఆ బాలిక కటకటాల కడకు పోయి చాలసేపు చూచి, "ఇదియేనా మాస్టారూ? ఇంత సన్నని యేటికి భయమేమున్నది?" అనినది.

ఆమాట నిజమే. వేసవికి ముందు మూసీ, మా యూరి పంటకాలువకంటె పెద్దదిగా తోపదు. "ఈ సన్నని యేరే 1908లో ఏమి చేసినదో చూపెదను రమ్ము" అని, వారిని అఫ్జల్‌గంజి దిక్కునకు నడిపించితిని.

మూసీ నగరమునకు పడమరనున్న అనంతగిరి కొండలలో పుట్టును. 1908 సెప్టెంబరు కడపట ఆ కొండలమీదను మైదానముమీదను ఎడతెగని వాన కురిసెను. 28వ తేదీన నది గట్టులు దాటి నగరముపై బడెను. అఫ్జల్‌గంజి ప్రాంతమున నిలువెత్తు దాటి నీరు పాఱెను. గోడలు మట్టివి; ఒకటి కూలిన ప్రక్కది కూలెను. నదిపై వంతెనలు కొట్టుకొనిపోయెను. 1578లో ఇబ్రహీం కులీ కట్టించిన పురానాపూల్ మాత్రము దెబ్బతినియు నిలిచెను. చనిపోయినవారు సుమారు 15,000 మంది యని అంచనా. ఉర్దూ రుబాయీల కవిగా ప్రసిద్ధుడైన అమ్జద్ హైదరాబాదీ ఆ వఱదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని తానొక్కడు మిగిలెను. నాటి నిజాము మీర్ మహబూబ్ అలీఖాను హైందవ సంప్రదాయము ననుసరించి నదికి చీర సారెలర్పించి శాంతింపుమని ప్రార్థించెనని నగరవాసులు కథగా చెప్పుకొందురు. ఆ పిమ్మట ఆయన చేయించిన పని మాత్రము కథ కాదు. దానిని ముందు చెప్పెదను.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు కలదు. గుమ్మటములతో కోటవలె నున్న ఆసుపత్రి భవనము వఱద గడచిన పిమ్మట, కడపటి నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కాలమున కట్టబడినది; చెట్టు మాత్రము అంతకుముందటిది. వఱదనాడు సుమారు 150 మంది దాని కొమ్మలనెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. ఏటేట సెప్టెంబరు 28వ తేదీన నగరపౌరులు కొందఱు ఈ చెట్టు క్రింద కూడి మృతులను స్మరించుచుందురు. మిగిలిన దినములలో రోగుల బంధువులు దాని నీడన కూర్చుండి అన్నపు డబ్బాలు విప్పుకొందురు. మేము పోయినపుడును అట్లే యుండెను. మా పిల్లలు గుంపుగా నిలిచి చెట్టును తేఱిపాఱ చూచుట గాంచి, ఒక ముదుసలి తన చాపను ప్రక్కకు లాగి మాకు చోటిచ్చినది.

"నూటయేబదిమంది ఈ యొక్కచెట్టుపై ఎట్లు పట్టిరి?" అని ఒక బాలుడు సందేహించెను.

దానికి నేను బదులు చెప్పకముందే ఆ నాగాయలంక బాలిక, "పట్టుదురు. ప్రాణము మీదికి వచ్చిన పట్టుదురు. మా నాయనమ్మకు ఉప్పెననాడు నాయంత వయస్సు. తుమ్మచెట్టును కౌగిలించుకొని రాత్రియంతయు నుండెనట. ముండ్లు దిగినవని తెల్లవాఱిన పిదపగాని తెలియలేదట. చెల్లెలి చేయి పట్టుకొనియుండెనట, ఎప్పుడు వదలిపోయెనో ఆమెకు తెలియదు" అనినది. ఇంత చెప్పి, చెట్టు మొదలును అఱచేతితో తాకి, వెనుకకు వచ్చి వరుసలో నిలిచినది. నవ్విన పిల్లలు ఇప్పుడు నవ్వలేదు. చాప పఱచుకొన్న ముదుసలి ఆ బాలికను దగ్గఱకు పిలిచి తల నిమిరినది.

చెట్టునీడననే గంటసేపు పాఠము జరిగినది. వఱద తగ్గిన పిదప నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించెను. ఆయన అప్పటికి బొంబాయి ప్రభుత్వపు కొలువును విడిచి విదేశములలో పర్యటించుచుండెను. 1909లో హైదరాబాదునకు వచ్చి, నదిని, చెరువులను, వానలెక్కలను పరిశీలించి నివేదిక వ్రాసెను. నగరమునకు ఎగువనున్న పరీవాహక ప్రాంతమున 788 చెరువులుండగా, వానిలో 221 తెగిపోయినట్లు ఆయన కనుగొనెను. చెరువులు మనవద్ద గొలుసువలె నుండును. పై చెరువు తెగిన ఆ నీరు క్రింది చెరువుపై బడును. అదియు తెగిన రెండింటి నీరు మూడవదానిపై బడును. ఇట్లు వాననీరు కొన్నిగంటలలో గోడవలె నగరముపైకి వచ్చినది.

దీనికి విశ్వేశ్వరయ్య చెప్పిన ఉపాయము, ఎగువననే పెద్ద జలాశయములు కట్టుట. మా గణితోపాధ్యాయిని దీనిని నీటిసీసాతో చూపించిరి. మూత తీసి తలక్రిందులు చేసిన నీరంతయు ఒక్కసారి నేలపై బడి పాఱినది. మూతకు సూదితో చిల్లి పొడిచి మఱల వంపగా సన్ననిధార వచ్చినది. "నీరు రెండుమాఱులును ఒకటే. తేడా కాలములో నున్నది" అని వారనిరి. ఇంత సులువుగా ఈ విషయము చెప్పబడుట నేనెన్నడును వినలేదు. ఆ ఉపాయము ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరును 1920లోను, దాని యుపనదియగు ఈసీపై హిమాయత్‌సాగరును 1927లోను పూర్తిచేసిరి. వఱదను ఆపుటకు కట్టిన ఆ జలాశయములే నగరమునకు త్రాగునీరును ఇచ్చినవి. 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడి, ఇఱుకు సందులను తొలగించి కొత్త వీథులు తీర్చెను.

"అయినచో ఇక భయము లేదు గదా?" అని ఆ బాలిక తన ప్రశ్న రెండవ సగమును జ్ఞాపకము చేసినది.

లేదని చెప్పుటకు వీలులేదు. జలాశయములు కట్టిన నాటి నగరము వేఱు, నేటి నగరము వేఱు. నాడు వాననీటిని పీల్చిన నేలపై నేడు సిమెంటు పఱచియున్నది. చెరువుల శిఖములలోను నాలాల ఒడ్డునను ఇండ్లు లేచినవి. 2020 జూలైలో వాననీరు ఈ ఆసుపత్రి పాతభవనపు వార్డులలో ప్రవేశింపగా రోగులను తరలింపవలసివచ్చెను. ఆ సంవత్సరమే అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన వానకు నగరపు చెరువులు కొన్ని తెగి కాలనీలను ముంచినవి. 2025 సెప్టెంబరు నెలాఖరున రెండు జలాశయముల గేట్లు తెఱువగా మూసీ పొంగి, ఉదయము మేము దిగిన మెట్రో స్టేషను ప్రక్కనున్న బస్సు నిలయములోనికే నీరు వచ్చినది. అందు చిక్కుకొనిన ప్రయాణికులను బయటికి చేర్చి, బస్సులను ఇతరస్థలములనుండి నడిపిరి. ఈ సంగతి విని పిల్లలు ఒకరి మొగమొకరు చూచుకొనిరి. వారు తినుబండారములు కొనినది ఆ నిలయములోనే.

నయాపూల్ వంతెనపై నిలిచి నదిని దగ్గఱనుండి చూచితిమి. నీరు నల్లగా నుండెను. దుర్గంధమునకు పలువురు చేతిగుడ్డలు ముక్కునకు అడ్డము పెట్టుకొనిరి. "ఈ మురుగంతయు ఎచటికి పోవును మాస్టారూ?" అని తరగతి నాయకుడు అడిగెను. సంచిలోని పటమును తీసి వంతెన గోడపై పఱచి, వ్రేలితో నది వెంట పొమ్మంటిని. వాని వ్రేలు నగరము దాటి, నల్లగొండ జిల్లాలోనికి పోయి, వాడపల్లి కడ కృష్ణానదిని కలిసినది. అచటినుండి పులిచింతల, పిదప విజయవాడ ప్రకాశం బ్యారేజి, ఆ పిమ్మట అవనిగడ్డ. అక్కడ వ్రేలు ఆగినది. "మన యూరికే గదా!" అని వాడు మెల్లగా అనెను. త్రోవలో ఎంతో నీరు కలిసి మురుగు పలుచనగును గాని, నది మాత్రము ఒక్కటియే. శుద్ధికేంద్రములు కట్టబడుచున్నవి, నీటి రంగును చూచినవారికి పని యింకను మిగిలియున్నదని తెలియును. అప్పటివఱకు హైదరాబాదు వారికి పరాయి నగరము. ఆ క్షణమునుండి పిల్లల మాటలలో "వీరి నది" అనుట మాని "మన నది" అనుట వింటిని.

వంతెన దాటగానే కుడివైపు నదీతీరమున ఎఱ్ఱరాతి గుమ్మటములతో హైకోర్టు భవనము కనబడును. ఇదియు వఱద పిదప లేచిన కట్టడమే, 1920లో ప్రారంభింపబడినది. దీనిని, ఆసుపత్రిని రూపొందించినవాడు విన్సెంట్ ఎష్ అను ఆంగ్లేయ వాస్తుశిల్పి. 2019 జనవరి 1వ తేదీనుండి ఇది తెలంగాణ హైకోర్టు. అచటినుండి మదీనా కూడలి, పత్తర్‌గట్టి రాతికమానుల నీడలో నడచి చార్‌కమాన్ చేరితిమి. నలుదిక్కుల నాలుగు కమానులు, నడుమ గుల్జార్ హౌజ్ అను నీటితొట్టి. ముత్యాల దుకాణముల ముందు ఆడుపిల్లలను కదలించుట మాకు కష్టమైనది.

కమాను దాటగానే ఎదుట చార్మినారు. చిత్రములలో వేయిమాఱులు చూచినదియే యైనను పిల్లలు ఒక్కసారిగా మౌనము వహించిరి. నలుచదరపు కట్టడము, ఒక్కొక్క ప్రక్క సుమారు 20 మీటర్లు, మూలలనున్న మినార్ల యెత్తు సుమారు 49 మీటర్లు. రాయి, సున్నము, గచ్చు - ఇవియే సామగ్రి. పై యంతస్తున మసీదు కలదు. నలువైపుల గడియారములు కట్టడమంత పాతవి కావు, 1889లో అమర్చినవి. మినారులలోని మెట్లు 149; కాని సందర్శకులను మొదటి యంతస్తునకు మించి పోనీయరు. 2019 మే నెలలో ఒక మినారునుండి గచ్చుపని పెళ్ల యూడి క్రిందపడెను. పురావస్తుశాఖవారు పిదప బాగుచేయించిరి. నాలుగువందల యేండ్ల కట్టడమునకు మనము ఎక్కి దిగు ప్రతి మెట్టును బరువే.

ఇరుకైన చుట్టుమెట్ల మీదుగా పైకిపోయి నాలుగు కిటికీలనుండి నాలుగు వీథులను చూచినపుడు నగరము కట్టిన విధము తెలిసినది. 1591లో ఐదవ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా ఈ నగరమును స్థాపించెను. గోలకొండ కోటలో జనము క్రిక్కిఱిసి, నీటికి కటకట యేర్పడుటచే కొత్త నగరము కావలసివచ్చినదందురు. అంతకు 13 యేండ్లకు ముందే పురానాపూల్ కట్టబడియుండుటచే నది దాటి రాకపోకలు సులభములయ్యెను. మంత్రి మీర్ మోమిన్ అస్త్రాబాదీ దీనిని తీర్చెను: రెండు పెద్ద వీథులు ఒకదానినొకటి ఖండించుకొను చోట చార్మినారు, దానినుండి నాలుగు వాడలు. తరువాత 1806లో సికింద్రాబాదు పేరుతో ఉత్తరమున కంటోన్మెంటు, 1998లో పడమట హైటెక్ సిటీ. ఉదయము మేము బయలుదేరిన మియాపూరును ఈ వరుసలో పెట్టి చూడుడని చెప్పితిని. "ఊరు నడచుచుండును గాబోలు" అని యొక బాలుడనెను.

నాలుగు మినార్ల ప్రశ్న వేసిన విద్యార్థికి ఇచట రెండు సమాధానములు లభించినవి. అంటువ్యాధి తగ్గిన సంతోషమున సుల్తాను దీనిని కట్టించెనని లోకులందురు. హిజరీ శకమున వేయవ సంవత్సరము 1591లోనే మొదలగుటచే, దాని జ్ఞాపకార్థము కట్టించెనని పండితులు కొందఱందురు. భాగమతి కథయు ఇట్టిదే. ఆమె పేరిట భాగ్‌నగరము వెలసెనని పూర్వరచయితలు వ్రాసిరి. అది కట్టుకథయనియు, తోటల నగరమగుటచే 'బాగ్' నగరమయ్యెననియు చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వానీ వాదించెను. "ఏది వ్రాసికొనవలెను మాస్టారూ?" అని పిల్లలు పట్టుబట్టిరి. రెండును వ్రాసికొని, ఎవరు చెప్పినదో ప్రక్కన గుర్తింపుడంటిని. ఈ సమాధానము వారికి తృప్తి నీయలేదు. తృప్తి లేకుండుటయే మేలని తోచి నేనును ఊరకుంటిని.

మధ్యాహ్న భోజనానంతరము మక్కా మసీదు చూచితిమి. మహమ్మద్ కుతుబ్ షా 1617లో దీనికి పునాది వేయింపగా, 1687లో గోలకొండ మొగలుల వశమైన పిదప, 1694లో ఔరంగజేబు కాలమున పూర్తియైనది. వంశము మాఱినది, రాజ్యము మాఱినది. పని మాత్రము సాగినది. ప్రాంగణమున ఆసఫ్‌జాహీ ప్రభువుల సమాధులు వరుసగా నున్నవి. వానిలో 1911లో మరణించిన మహబూబ్ అలీఖాను సమాధియు కలదు. వఱదనాటి నిజాము ఈతడే యని చెప్పగా, పిల్లలు ఆ సమాధి కడ కొంచెము ఎక్కువసేపు నిలిచిరి. పావురముల గుంపులు మా అడుగుల చప్పుడునకు లేచి మఱల వ్రాలినవి.

లాడ్ బజారునకు అరగంట మాత్రమే యిచ్చితిమి. అది చాలలేదు. లక్కను నిప్పుసెగపై మెత్తపఱచి, కడ్డీగా సాగదీసి, గాజుగా చుట్టి, వేడి ఆఱకముందే చిన్న చిన్న రాళ్లను ఒక్కొక్కటిగా అదుముట మేము కన్నులార చూచితిమి. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. పనిచేయు ముదుసలి వ్రేళ్ల కొనలు కాలికాలి గట్టిపడియుండెను. "నొప్పి పుట్టదా తాతా?" అని యడిగిన పిల్లకు, "అలవాటయింది బేటా" అని నవ్వి, పగిలిన రాయిగల గాజుల జతను తక్కువ వెలకిచ్చెను. నాగాయలంక బాలిక యొక జత కొన్నది. కొలత తనది కాదు, పెద్దది. ఎవరికని ఎవరును అడుగలేదు.

చీకటిపడువేళకు మఱల మెట్రోలో మియాపూరు చేరితిమి. ఉదయము చూచిన గుర్తింపుచీట్ల యువతీయువకులే ఇప్పుడు అలసిన మొగములతో ఎదురువచ్చుచుండిరి. బస చేరి భోజనములైన పిదప పిల్లలు నోటుపుస్తకములు తెఱచి కూర్చుండిరి. ఆ బాలిక తన ప్రశ్న క్రింద, "నది యున్నది. అది మన యింటికే వచ్చును" అని వ్రాసి, రెండవ భాగమునకు చోటు విడిచిపెట్టినది. మఱునాడు తెల్లవాఱకముందే గోలకొండకు పోవలసియుండుటచే తొమ్మిదిగంటలకు దీపము లార్పించితిమి.